జ్వరం తగ్గిన రోజు: మన సీమలో దోమల జ్వరాల చరిత్ర

మాది బాగేపల్లి తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బస్సు బోర్డు మీద చదివేది కన్నడ. 2024 వానకాలంలో మా తమ్మునికి డెంగీ జ్వరం వచ్చింది. అప్పుడు వాడు నాలుగో తరగతి. ఆ ఏడాది కర్ణాటకలో డెంగీ ఎంత ఎక్కువైందంటే, సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని అంటురోగాల జాబితాలో చేర్చింది. ఇండ్ల దగ్గర దోమలు పెరగనిస్తే జరిమానా వేస్తామని కూడా చెప్పింది.

నాలుగు రోజులు వాని ఒళ్ళు పెనం మాదిరి కాలిపోయింది. ఐదో రోజు తెల్లవారి చూస్తే నుదురు చల్లగా ఉంది. అమ్మ దేవునికి దండం పెట్టుకుంది. నాయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

"జరం పోయినాది కదమ్మా, ఇంగ పిల్చుకొని పోతాం. టమేటా కోతకు కూలోళ్ళు వస్తారు, నేను లేకుంటే కాదు" అని నర్సమ్మను అడిగినాడు.

ఆమె ఒప్పుకోలేదు. "అన్నా, జ్వరం ఉన్న నాలుగు రోజులు వేరే, తగ్గినాక వచ్చే రెండు రోజులు వేరే. ఈ జ్వరంలో ఈ రెండు రోజులే ముఖ్యం. యాడికీ పోవద్దు" అనింది.

నాయన కోపంగానే కూర్చున్నాడు. సాయంత్రానికి తమ్మునికి కడుపునొప్పి మొదలైంది. మూడు సార్లు వాంతి చేసుకున్నాడు. చేతులు, కాళ్ళు చల్లబడినాయి. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "రక్తం చిక్కబడుతోంది" అని వెంటనే సెలైన్ పెట్టించినారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. రెండు రోజుల తరువాత వాడు లేచి కూర్చుని "ఇడ్లీ కావాల" అన్నప్పుడు నాయన బయటికి పోయి కండ్లు తుడుచుకున్నాడు.

ఆ పొద్దు మేము ఇంటికి వచ్చేసి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న నన్ను చానా రోజులు వదల్లేదు. జ్వరం తగ్గితే రోగం తగ్గినట్లే కదా, మరి అపాయం అప్పుడే ఎందుకు వస్తుంది? మా సైన్సు టీచరును అడిగినాను. లైబ్రరీలో చదివినాను. మా అవ్వను కూడా అడిగినాను, ఎందుకంటే ఆమెకు ఇంకో దోమ జ్వరం అనుభవం ఉంది. తెలుసుకున్నది మీ అందరికీ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన నీళ్ళు, మన దోమలు

2007కు ముందు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ కోలారు జిల్లాలోనివే. అందుకే మన ఊర్ల పాత కథలు వెతకాలంటే పుస్తకాల్లో కోలారు పేరు కింద చూడాలి. మన సీమలో ఏడాది పొడుగునా పారే నది లేదు. అందుకని పెద్దలు ఊరికొక చెరువు కట్టినారు. చెరువులు ఎండిపోయినాక బోర్లు వేసినారు. నల్లి నీళ్ళు రోజూ రావు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ డ్రమ్ములు, తొట్లు, సంపులు ఉంటాయి.

డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌లను మోసే ఏడిస్ దోమకు మురికికాలువ అక్కరలేదు. మనం దాచుకున్న తేట నీళ్ళే కావాలి. అది పగటిపూట కుడుతుంది. దాని గుడ్లు ఎండిన తొట్టి గోడకు అంటుకొని నెలల తరబడి బ్రతికి, నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. మెదడువాపు జ్వరాన్ని మోసే క్యూలెక్స్ దోమ వేరు. అది వరిమడుల్లో, చెరువుల పక్కన పెరిగి సాయంత్రం, రాత్రి కుడుతుంది. అంటే చెరువు నీళ్ళకు ఒక దోమ, డ్రమ్ము నీళ్ళకు ఒక దోమ.

దోమ రోగాన్ని మోస్తుందనే సంగతి బయటపడటంలో తెలుగు నేలకు కూడా చోటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాడు. మలేరియా వైరస్ వల్ల వచ్చేది కాదు గానీ, జ్వరానికి దోమను అనుమానించడం అప్పటి నుంచి లోకం అంతా నేర్చుకుంది.

ఒంట్లో కూడా ఒక నీరుగంటి

మన పల్లెల్లో చెరువు తూము తెరిచేవానిని నీరుగంటి అంటారు. పైరు ఎండుతుంటే తూము తెరిచేది ఆయనే. మడి తడిసినాక మూసేది కూడా ఆయనే. తెరవకపోతే పైరు ఎండిపోతుంది, మూయకపోతే కుళ్ళిపోతుంది. మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ పని కూడా ఇట్లాంటిదే అని టీచరు చెప్పినారు.

దోమ కుట్టి వైరస్ లోపలికి రాగానే, అది దూరిన కణాలు పక్క కణాలకు హెచ్చరిక పంపుతాయి. ఈ హెచ్చరిక పదార్థాన్ని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టినారు. వైరస్‌కు అడ్డుపడుతుంది కాబట్టి దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టినారు. తరువాత తెల్ల రక్తకణాలు కదులుతాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రసాయనాలను సైటోకైన్లు అంటారు. జ్వరం, ఒళ్ళునొప్పులు చానావరకు ఈ మాటల వల్లనే వస్తాయి. కొన్ని రోజులకు టి కణాలు వైరస్ దూరిన కణాలను వెతికి చంపుతాయి. బి కణాలు ఆ వైరస్‌కు సరిపోయే యాంటీబాడీలను తయారు చేస్తాయి. గెలిచినాక కొన్ని కణాలు ఆ శత్రువును గుర్తు పెట్టుకొని ఏండ్ల తరబడి కాపలా ఉంటాయి.

ఇది తూము తెరిచే కథ. మరి మూసేది ఎవరు? జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో ఒక రకం టి కణాలను చూపించినాడు. వాటి పని కొట్టడం కాదు, కొట్టేవారిని ఆపడం. వాటిని నియంత్రణ టి కణాలు అంటారు. ఈ కణాలు తయారు కావడానికి ఏ జన్యువు అవసరమో తెలియడానికి అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ చేసిన పని దారి చూపింది. ఈ ముగ్గురికీ కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చినారు. ఈ కణాలే మన ఒంట్లో నీరుగంట్లు అని నేను అనుకుంటాను.

ఈ సంగతి మనసులో పెట్టుకొని చూస్తే మన సీమకు వచ్చిన ఒక్కొక్క జ్వరం ఒక్కొక్క పాఠం చెబుతుంది.

2006: అవ్వ మోకాళ్ళ జరం

చికున్‌గున్యాను మొదట 1952లో ఆఫ్రికాలో, ఇప్పటి టాంజానియా దేశంలోని మకొండే జనం ఉండే చోట గుర్తించినారు. వారి భాషలో ఆ మాటకు వంగిపోవడం అని అర్థం. మన దేశంలో 1963లో కలకత్తాలో వచ్చింది. తరువాత మద్రాసు, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో కనిపించింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో వచ్చి అణిగిపోయింది. ఆ తరువాత 32 ఏండ్లు దాని మాటే లేదు.

ఆ 32 ఏండ్లలో పుట్టిన వారి ఒంట్లో ఆ వైరస్ జ్ఞాపకం లేదు. మన పల్లెల్లో ముందు ఎప్పుడూ అది తగలని పెద్దల సంగతీ అంతే. అందుకే 2005 చివర అది మళ్ళీ ఆంధ్రలో తల ఎత్తినప్పుడు ఎండుగడ్డికి నిప్పు పడినట్లయింది. అనంతపురం, కడప జిల్లాలను పట్టుకుంది, మన వైపూ వచ్చింది. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షల మందికి పైగా ఈ జ్వరం వచ్చిందని అనుమానించినారు. అందులో ఏడున్నర లక్షల మంది కర్ణాటకవారే. అన్ని రాష్ట్రాలకంటే మనదే ఎక్కువ.

అవ్వ అంటుంది, "ఊర్లో నిటారుగా నిలబడే మనిషే లేడు పాపా. చెనిక్కాయ చేను అట్లనే ఉండిపోయినాది, పీకే వాళ్ళు ఏరీ? చికెన్ తింటే వస్తాదని కోళ్ళు కూడా కోసేది మానుకొంటిమి." పేరులో ఆ శబ్దం ఉంది కాబట్టి చానామంది అట్లా అనుకున్నారు. పాపం, కోడికి ఈ జ్వరంతో సంబంధమే లేదు. మా ఇంటి డ్రమ్ముకే సంబంధం.

వారం రోజులకు అవ్వ జ్వరం పోయింది. కానీ ఇప్పటికీ చలికాలం తెల్లవారితో వేళ్ళు మడవలేదు. వైరస్ రక్తంలో వారం దాకానే ఉంటుంది. అయితే కొందరి కీళ్ళలో దానితో పోరాడే కణాలు పని ఆపవు. నెలలు, కొందరికి ఏండ్లు వాపు, నొప్పి ఉండిపోతాయి. పెద్ద వయసు వారికి, ఆడవారికి ఇది ఎక్కువ. తూము తెరిచినారు గానీ పూర్తిగా మూయలేదన్నమాట.

ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. ఒకసారి చికున్‌గున్యా వచ్చినవారికి ఆ జ్ఞాపకం చానా కాలం, బహుశా జీవితాంతం కాపలా ఉంటుంది. అవ్వతో ఈ మాట చెబితే, "అంత నొప్పి పడినందుకు ఇదొకటి మిగిలిందిలే" అని నవ్వింది.

డెంగీ: పొరపాటు పడే జ్ఞాపకం

డెంగీ అట్లా కాదు. దాని వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. నాలుగూ అన్నదమ్ముల మాదిరి ఉంటాయి, కానీ ఒకటే కాదు. ఒక రకం వస్తే ఆ రకం నుంచి రక్షణ దొరుకుతుంది, మిగతా మూడింటి నుంచి మాత్రం కొద్ది నెలలే.

1958లో బ్యాంకాక్‌లో పిల్లలు డెంగీతో రక్తస్రావమై, షాక్‌లోకి పోయి చనిపోయినారు. 1960లలో అక్కడ పని చేసిన స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికా డాక్టరు ఒక వింత గమనించినాడు. ఎక్కువ జబ్బు పడినది రెండోసారి డెంగీ వచ్చిన పిల్లలు. వారు కాక, తల్లి దగ్గర నుంచి యాంటీబాడీలు పొందిన పసిబిడ్డలు. అంటే రక్షించాల్సిన యాంటీబాడీలే కొన్నిసార్లు వైరస్‌కు సాయం చేస్తున్నాయి. పాత యాంటీబాడీ కొత్త రకం వైరస్‌ను పట్టుకుంటుంది గానీ కట్టేయలేదు. తెలిసినవాడు అనుకొని చెయ్యి పట్టి ఇంట్లోకి పిల్చుకొని వచ్చినట్లు, దాన్ని తెల్లకణాల లోపలికే చేరుస్తుంది. వైరస్ అక్కడే పెరుగుతుంది.

దీనికి క్యూబా దేశం సాక్ష్యం ఇచ్చింది. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ వచ్చింది, చావులు లేవు. 1981లో రెండో రకం వచ్చింది, 158 మంది చనిపోయినారు. ఎక్కువ ప్రమాదం పడినది ముందు ఒకసారి డెంగీ వచ్చినవారే. 2016 నుంచి ఫిలిప్పీన్స్ దేశంలో 8 లక్షలకు పైగా పిల్లలకు ఒక డెంగీ టీకా వేసినారు. అంతకు ముందు ఎప్పుడూ డెంగీ రాని పిల్లలకు ఆ టీకా వేస్తే, తరువాత డెంగీ వచ్చినప్పుడు అది ముదిరే అవకాశం పెరుగుతుందని 2017లో తెలిసి ఆపేసినారు. టీకా వారి ఒంటికి మొదటి డెంగీ మాదిరి పని చేసింది. జ్ఞాపకం సరిగ్గా కుదరకపోతే ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. జ్వరం తగ్గే రోజుకు రక్తంలో వైరస్ తగ్గిపోతూ ఉంటుంది. కానీ దానికోసం బయలుదేరిన సైటోకైన్ల వరద అప్పుడే పైకి ఎక్కి ఉంటుంది. ఆ వరద, వైరస్ వదిలిన ఒక ప్రోటీన్, రెండూ కలిసి సన్న రక్తనాళాల గోడలను సడలిస్తాయి. రక్తంలోని నీరు బయటికి కారి కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది, రక్తపోటు పడిపోతుంది. తమ్మునికి మొదలైంది ఇదే. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతుంటే, డాక్టరు రక్తం చిక్కదనం కూడా మళ్ళీ మళ్ళీ చూసింది ఇందుకే. ఒకటి రెండు రోజులు సరిగ్గా నీరు ఎక్కించి కాపాడుకుంటే, ఒళ్ళే తూము మూసుకుంటుంది. నాళాలు మామూలు అవుతాయి.

నర్సమ్మ చెప్పిన "ఈ రెండు రోజులు" అంటే అర్థం ఇది.

కోలారు వైరస్, హైదరాబాదు టీకా

1970ల చివర కోలారు జిల్లాలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జ్వరం వచ్చింది. దీని వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. క్యూలెక్స్ దోమ దాన్ని మనుషులకు తెస్తుంది. ఈ వైరస్ సోకిన 250 మందిలో సుమారు ఒకరికే జబ్బు ముదురుతుంది. మిగతావారి ఒళ్ళు చప్పుడు లేకుండా పని ముగిస్తుంది. కానీ ముదిరినవారిలో పదిమందికి ముగ్గురి దాకా చనిపోతారు. బ్రతికినవారిలో కొందరికి మాట, నడక పోతాయి. మెదడు చిన్న పుర్రెలో ఉంటుంది, వాపుకు అక్కడ చోటు లేదు. వైరస్ చేసిన గాయానికి తోడు, దాన్ని ఆపడానికి వచ్చిన కణాల పోరు కూడా మెదడును నొప్పిస్తుంది.

1980లలో కోలారు రోగుల నుంచి శాస్త్రవేత్తలు ఈ వైరస్‌ను వేరు చేసి దాచినారు. అందులో ఒకదానికి కోలారు పేరే ఉంది. దాన్నే విత్తనంగా తీసుకొని హైదరాబాదులోని భారత్ బయోటెక్ జెన్‌వ్యాక్ అనే టీకా తయారు చేసింది. 2013లో అది విడుదలైంది. ఈ జబ్బుకు మన దేశపు వైరస్ నుంచే, మన దేశంలోనే పుట్టిన మొదటి కణవర్ధన టీకా అది. చంపిన వైరస్‌ను ఒంటికి చూపించి, జబ్బు లేకుండానే జ్ఞాపకం ఇస్తుంది. తరువాత నిజమైన వైరస్ వస్తే, మెదడు చేరకముందే యాంటీబాడీలు పట్టుకుంటాయి.

కోలారు అంటే అందరూ బంగారు గని అంటారు. గని 2001లో మూతపడింది. ఒక కోలారు రోగి నుంచి తీసిన ఆ వైరస్ మాత్రం ఇంకా పిల్లలను కాపాడుతోంది. నాకు అది బంగారం కంటే పెద్దదిగా అనిపించింది.

2023: తలకాయలబెట్ట

చివరి కథ మన పక్క తాలూకాది. పేరులో తలకాయల అనే తెలుగు మాట, బెట్ట అనే కన్నడ మాట కలిసి ఉన్న ఊరు, శిడ్లఘట్ట తాలూకా తలకాయలబెట్ట. 2023 ఆగస్టులో అక్కడ పట్టిన దోమల్లో జికా వైరస్ ఉన్నట్లు అక్టోబరులో తేలింది. చుట్టుపక్కల ఊర్లలో జ్వరం ఉన్నవారి, గర్భిణుల రక్తం పరీక్షకు పంపినారు. గర్భిణుల గురించి అంత జాగ్రత్త ఎందుకంటే, పెద్దలకు జికా చానావరకు చిన్న జ్వరమే. కానీ కడుపులో బిడ్డ దాకా పోతే మెదడు సరిగ్గా ఎదగకపోవచ్చు. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పుట్టిన పిల్లలను చూసి లోకం దీన్ని నేర్చుకుంది.

మనుషులు జబ్బు పడేదాకా కాచుకోకుండా, దోమలోనే వైరస్‌ను పట్టుకోవడం మన జిల్లాలో జరిగింది. 1952లో, 1958లో పేరు కూడా తెలియక జనం పడిన కష్టంతో పోల్చితే ఇది ఎంత దూరం వచ్చిన దారి!

మనం గుర్తుంచుకోవలసినవి

తోటి విద్యార్థులారా, ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఒక్కటే. ఒంటికి బలం ఉంటే చాలదు, ఆపుకోవడం కూడా తెలియాలి. ఆ పని ఒళ్ళు చేసుకుంటూ ఉండగా మనం తొందరపడి చెడగొట్టకూడదు. డెంగీ అనుమానం ఉంటే అంగడిలో అడిగి నొప్పి మాత్రలు మింగవద్దు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి రక్తస్రావం పెంచుతాయి. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పినంతే. జ్వరం తగ్గినాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, చల్లబడిన చేతులు కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు శుక్రవారం శుక్రవారం డ్రమ్ములు ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది, ఎండబెట్టి, మూత పెడతాము. అది నా పని, తమ్ముని పని. పెరట్లో పాత రోట్లో వాన నీళ్ళు నిలవకుండా అవ్వ బోర్లించిన చాట కప్పుతుంది.

తమ్ముని రక్తపరీక్ష కాగితం అమ్మ ట్రంకు పెట్టెలో, పొలం పత్రాల పక్కన పెట్టింది. వాని ఒళ్ళు ఒక రకం డెంగీని గుర్తు పెట్టుకుంది. మిగతా మూడు రకాల సంగతి మేము గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ ఎప్పుడైనా వానికి జ్వరం వస్తే ముందు ఆ కాగితం తీసి డాక్టరుకు చూపించాలని నాయన మా అందరికీ చెప్పినాడు. ఆ పొద్దు చెప్పులు వేసుకొని నిలబడింది కూడా నాయనే కదా, అందుకే ఆ మాట ఇంట్లో ఎవరూ మరచిపోరు.